కట్టిన ఫీజు, కట్టని హాలు

కోస్తాలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్సీ నాలుగో సెమిస్టరు చదువుతున్న పాఠకురాలి ఉత్తరం ఇది. పేరు, ఊరు, వర్సిటీ పేరు వేయవద్దన్నారు. ఉత్తరం పొడుగ్గా ఉంది కాబట్టి కుదించి ఇస్తున్నాం.

ఆ క్యాంపస్‌లో మూడేళ్లుగా అడ్మిషన్ అప్పుడొకసారి, రెండో ఏడాదిలోకి వెళ్లేటప్పుడు ఇంకోసారి 'క్యాంపస్ సదుపాయాల నిధి' పేరుతో తలకు 2,000 రూపాయలు తీసుకుంటున్నారు. లేడీస్ హాస్టల్ పక్కన రీడింగ్ హాలు, దాని మీద ఇండోర్ గేమ్స్ హాలు కడతామని సర్క్యులర్ ఇచ్చారు. శంకుస్థాపన అయింది, శిలాఫలకం పెట్టారు, 18 స్తంభాలు లేచాయి. పని అక్కడితో ఆగింది. స్తంభాల నెత్తిన వదిలేసిన చువ్వలు తుప్పుపట్టి, వానలకు కాంక్రీటు మీద గోధుమరంగు చారలు దిగాయి. ఈ ఏడాది కూడా డబ్బు మాత్రం వసూలు చేశారు.

ఈమె తరగతి ప్రతినిధి. అడ్మిషన్ల రోజుల్లో హెల్ప్ డెస్కులో కూర్చుని జూనియర్లకు ఫారాలు నింపిపెట్టారు. "వచ్చే ఏడాదికి హాలు వచ్చేస్తుంది, కట్టేయండి" అని కూడా చెప్పారు. ఇప్పుడు వాళ్లే "అక్కా, హాలేదీ?" అని అడుగుతున్నారు. ఒక జూనియర్ 1,400 మందిని 2,000తో, మళ్లీ మూడుతో హెచ్చవేసి "మా 84 లక్షలు ఎవరు మింగారు?" అని వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. సోమవారం పరిపాలనా భవనం ముందు ధర్నా చేద్దామని, ముందు మీరే నిలబడాలని పట్టుబడుతున్నారు. ఈమె ప్రాజెక్టు గైడేమో భవన నిర్మాణ కమిటీలో సభ్యులు. వైవాకు ఇంకా మూడు నెలలుంది. "నీకెందుకమ్మా ఇదంతా, పట్టా చేతికొచ్చాక ఏమైనా చేసుకో" అంటున్నారు నాన్నగారు. అడిగే హక్కు మాకుందా, అడిగితే మార్కులు పోతాయా, డబ్బు వెనక్కి వస్తుందా, నేనే చెప్పి కట్టించాను కదా, నాదీ తప్పేనా? ఇవీ ఆమె ప్రశ్నలు.

సమాధానం:

చివరి ప్రశ్న ముందు తేల్చుకుందాం, ఎందుకంటే మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. హాలు వస్తుందన్నది సర్క్యులర్ మాట, మీ సొంత మాట కాదు. డబ్బు చలానాలోనో ఎస్‌బీఐ కలెక్ట్‌లోనో వర్సిటీ ఖాతాకు పోయింది, మీ చేతికి రాలేదు. ఖర్చుకు మీరు జవాబుదారీ కాదు. ఒక్క సంగతి మాత్రం చూసుకోండి. ఫోన్‌లో డబ్బు లేని ఎవరిదగ్గరైనా నగదు తీసుకుని మీ ఖాతా నుంచి కట్టి ఉంటే, వాళ్ల పేర్లు, తేదీలు, రసీదు నంబర్లు ఇప్పుడే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. రేపు లెక్క అడిగేవారిని మొదట అడిగేది వాళ్ల లెక్కే.

ఇక ఆ 84 లక్షల అంకె. అది గ్రూపులో తిరిగే కొద్దీ మీకు నష్టం. 1,400 మందీ మూడేళ్లూ కట్టారని ఎవరు చెప్పారు? ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్నవారి దగ్గర ఈ పద్దు వసూలు చేశారా, మినహాయించారా? మధ్యలో మానేసినవారు, ఇంకా బాకీ ఉన్నవారు ఎంతమంది? మాటవరసకు 600 మందికి మినహాయింపు ఉందనుకోండి. 800 మంది, తలకు 2,000, ఏడాదికి 16 లక్షలు, మూడేళ్లకు 48 లక్షలు. రిజిస్ట్రార్ కార్యాలయం 48 అని ఒక్క కాగితం చూపిస్తే చాలు, 84 అన్నవాళ్ల నోరు మూతపడుతుంది. ఆ 48 ఏమైందన్న అసలు ప్రశ్న కూడా దాంతోపాటే కొట్టుకుపోతుంది. ఇలాంటి గొడవలు చాలావరకు ఇక్కడే నీరుగారిపోతాయి.

మీకు కావలసినవి ఐదు అంకెలు: ఈ పద్దు కింద ఏ ఏడాది ఎంత వసూలైంది, అందులో ఎంత వేరే ఖాతాలో జమైంది, భవనానికి ఎంత మంజూరైంది, కాంట్రాక్టరుకు ఎంత చెల్లించారు, వడ్డీతో కలిపి ఎంత మిగిలింది. ఈ ఐదూ చేతికి వస్తే ఎవరిమీదా నింద వేయనక్కర్లేదు. ఎక్కడ తేడా ఉందో అంకెల్లోనే కనబడుతుంది.

తేడా కనబడినంత మాత్రాన ఎవరో తిన్నారని కాదు. ఇల్లు కట్టి చూడమన్నారు పెద్దలు, సర్కారు భవనమైతే ఇక చెప్పేదేముంది. స్తంభాల దగ్గర పని ఆగడానికి మామూలుగా ఉండే కారణాలు కొన్నే. డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో భద్రంగా ఉండి, మిగిలిన పనికి టెండరు పిలవకపోయి ఉండవచ్చు. పార్ట్ బిల్లు రాక కాంట్రాక్టరు సామాను సర్దుకుని వెళ్లిపోయి ఉండవచ్చు. సిమెంటు, ఇనుము ధరలు పెరిగి సవరించిన ఎస్టిమేటు పాలకమండలి అనుమతి కోసం ఆగి ఉండవచ్చు. ఉన్నత విద్య కోసం కేంద్రం, రాష్ట్రం 60:40 పాళ్లలో భరించిన రూసా (2023 నుంచి దాని పేరు పీఎం-ఉషా) లాంటి పథకం కింద పని మొదలుపెట్టి, రెండో విడత రాక ఆపి ఉండవచ్చు. అలాంటప్పుడు మీ 2,000 దీనికి వాడనే లేదేమో. అన్నిటికన్నా ఎక్కువగా జరిగేది ఇంకొకటి ఉంది. ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకు, పింఛన్లకు సరిపోని నెలల్లో, విద్యార్థుల దగ్గర వసూలైన డబ్బు జనరల్ ఫండ్‌లో కలిసిపోయి అటు ఖర్చయిపోతుంది. ఇది దొంగతనం కాదు, మళ్లింపు. అలాగని ఒప్పూ కాదు. రెండూ వేరు కాబట్టి అడిగే మాటా వేరుగా ఉండాలి. "ఎవరు తిన్నారు" అంటే "ఎవరూ తినలేదు" అని నిజాయితీగానే చెప్పగలరు. "ఈ పద్దుకు వేరే ఖాతా ఉందా, అందులోంచి జనరల్ ఫండ్‌కు ఏ తేదీన ఎంత బదిలీ అయింది, ఏ తీర్మానం మీద" అని అడిగితే కాగితం తీయక తప్పదు.

హక్కు ఉందా అన్నారు, ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయం సమాచార హక్కు చట్టం, 2005 కింద ప్రజాసంస్థ. బడ్జెట్టు, ఖర్చుల వివరాలు ఎవరూ అడగకముందే ప్రకటించాలని ఆ చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. ముందు వర్సిటీ వెబ్‌సైటులో వార్షిక లెక్కలు, బడ్జెట్ అంచనాలు ఉన్నాయేమో వెతకండి. మీ పద్దు పేరు అక్కడ విడిగా కనిపిస్తే సగం పని అయినట్టే. "ఇతర ఫీజులు" అని ఒకే వరుసలో కలిపేసి ఉంటే అదీ ఒక జవాబే, ప్రింటు తీసి పెట్టుకోండి.

దరఖాస్తు వర్సిటీ పౌర సమాచార అధికారి పేరిట, తెలుగులోనే రాయవచ్చు. రుసుము 10 రూపాయలు. నగదుగా కడితే రసీదు అడిగి తీసుకోండి, పోస్టులో పంపితే పోస్టల్ ఆర్డరు జతచేసి స్పీడ్ పోస్టులో పంపండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదని చట్టమే అంటోంది. కాబట్టి ఆవేదన, ఆక్రోశం ఏవీ అందులో రాయకండి. ఇంకొక సంగతి, చాలామంది పొరపడేది ఇక్కడే: "హాలు ఎందుకు పూర్తి కాలేదు?" అని అడిగితే జవాబు రాదు. కార్యాలయంలో ఉన్న కాగితాన్ని ఇవ్వడమే ఈ చట్టం పని. అధికారి చేత కారణాలు చెప్పించడం దీని పరిధిలోకి రాదు. అందుకే ప్రతి ప్రశ్నా ఒక కాగితం అడగాలి. ఇలా రాయండి:

"సదరు నిధి వసూలుకు అనుమతించిన పాలకమండలి తీర్మానం, రిజిస్ట్రార్ ప్రొసీడింగ్స్ ప్రతులు. వసూలు మొదలైన నాటి నుంచి నేటి వరకు ఈ పద్దు కింద ఏడాదివారీ వసూళ్లు, మినహాయింపు పొందిన విద్యార్థుల సంఖ్య (పేర్లు అవసరం లేదు). జమచేసిన బ్యాంకు ఖాతా స్టేట్‌మెంటు, డిపాజిట్ల వివరాలు. భవనపు ఎస్టిమేటు, పరిపాలనా అనుమతి, సాంకేతిక అనుమతి, వర్క్ ఆర్డరు ప్రతులు. ఇప్పటివరకు చెల్లించిన బిల్లులు, సంబంధిత ఎం బుక్ పేజీలు. ఈ నిధిపై రాష్ట్ర ఆడిట్ శాఖ లేవనెత్తిన అభ్యంతరాలు, వర్సిటీ ఇచ్చిన జవాబులు."

చివరి రెండూ వదలకండి. ఆడిట్ అభ్యంతరం అంటే మీరు అడగాలనుకున్న ప్రశ్నను మీకంటే ముందే, అధికారికంగా, ఒకరు అడిగి ఉండటం. ఆ పేరా దొరికితే ఆరోపణ చేసింది మీరు కాదు, ప్రభుత్వ ఆడిటరే.

ఎం బుక్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఇంజనీరు కొలతలు రాసే పుస్తకం అది. ఇందులో ఎక్కని పనికి బిల్లు చెల్లించకూడదు. సంఖ్య, పొడవు, వెడల్పు, ఎత్తు, పరిమాణం అని గడులుంటాయి. స్తంభాల వరుసలో, ఉదాహరణకు, 24, 0.45, 0.45, 3.60 అని ఉందనుకోండి. ఒక్కో స్తంభానికి 0.729 ఘనపు మీటర్ల కాంక్రీటు, 24కి 17.5. మీరు లెక్కపెట్టినవి 18. అంటే 13.12 ఘనపు మీటర్లే. దాదాపు నాలుగున్నర ఘనపు మీటర్ల తేడాకు ఎవరో సంజాయిషీ చెప్పాలి. ఒక టేపు పట్టుకుని ఇద్దరు వెళ్లి, వెడల్పు కొలిచి, స్తంభాలు లెక్కపెట్టి, తేదీ కనబడేలా ఫొటో తీసుకోండి. అయితే నేల కింద ఉన్న పునాదిని మీరు కొలవలేరు, అన్ని స్తంభాలూ ఒకే కొలతలో ఉండవు, గిలాబా చేసిన చోట మందం మారుతుంది. కాబట్టి తేడా వస్తే మోసమని రాయకండి. "పేజీ ఫలానాలో 24 ఉంది, స్థలంలో 18 కనిపిస్తున్నాయి, మిగతా ఆరు ఎక్కడున్నాయో చూపగలరు" అని రాయండి. ఆ చువ్వల తుప్పు గురించీ ఒక ముక్క రాయవచ్చు. అలా రెండు వానాకాలాలు వదిలేస్తే, పని మళ్లీ మొదలుపెట్టేటప్పుడు తుప్పు గీకించి పూత వేయించాలి, ఎక్కువ తినేసిన చోట అదనపు ఇనుము కట్టాలి. ఆలస్యానికయ్యే ఖర్చు ఏ ఎస్టిమేటులోనూ ముందుగా కనబడదు.

జెరాక్సుకు పేజీకి 2 రూపాయలు. ఫైలు లావుగా ఉంటుందనిపిస్తే "రికార్డులు స్వయంగా చూసుకునే అవకాశం ఇవ్వండి" అని దరఖాస్తులోనే రాయండి. మొదటి గంట ఉచితం. చూసి, కావలసిన పేజీలు మాత్రం తీసుకుంటే చవక. జవాబుకు గడువు 30 రోజులు. రాకపోయినా, అరకొరగా వచ్చినా, అప్పటినుంచి 30 రోజుల్లోపు అదే వర్సిటీలోని అప్పీలేట్ అధికారికి మొదటి అప్పీలు వేయాలి. ఆయన 30 రోజుల్లో, కారణాలు రాసి పొడిగిస్తే 45 రోజుల్లో తేల్చాలి. ఆ తర్వాత 90 రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. కమిషన్ రోజుకు 250 చొప్పున 25,000 రూపాయల దాకా జరిమానా వేయగలదు, అది అధికారి జేబులోంచే పోతుంది. కానీ అక్కడ విచారణకు నెలలు పట్టడం మామూలే. కాబట్టి కమిషన్ మీద ఆశ పెట్టుకోకుండా, మొదటి దరఖాస్తే పకడ్బందీగా రాసుకోండి.

ఇక్కడే మీ మార్కుల భయానికి ఒక దారి ఉంది. దరఖాస్తు మీ పేరుతోనే ఉండాలన్న నియమం లేదు. భారత పౌరులెవరైనా వేయవచ్చు. పాత బ్యాచ్ సీనియర్ వేయవచ్చు. ఆ 2,000 ఎవరి సంపాదనలోంచి పోయిందో ఆ నాన్నగారే వేయవచ్చు. పట్టా వచ్చాక చేసుకోమన్నారు కదా, మీకు పట్టా వచ్చేదాకా ఆగక్కర్లేదని, సంతకం తనదైతే సరిపోతుందని ఆయనకు చెప్పి చూడండి. ఇంటిపేరు ఒకటే అయితే కార్యాలయంలో పోల్చుకుంటారన్నది నిజమే. అది ఇబ్బంది అనుకుంటే సీనియరే నయం.

నాన్నగారి సలహాలో సగం సరైనదే. సమాచార హక్కు దరఖాస్తుకు తొందర లేదు, వచ్చే ఏడాదైనా వేయవచ్చు. కానీ ఇంకో తలుపు ఉంది, అది మీరు వర్సిటీ దాటగానే మూసుకుంటుంది. యూజీసీ 2023 ఏప్రిల్‌లో విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కార నిబంధనలు తెచ్చింది. ప్రతి విశ్వవిద్యాలయంలో విద్యార్థుల ఫిర్యాదుల కమిటీ, దానిపైన అంబుడ్స్‌పర్సన్ (కమిటీ తీర్పు మీద అప్పీలు వినే అధికారి) ఉండాలి. ఇస్తామన్న సదుపాయం ఇవ్వకపోవడం, ప్రకటించిన దానికంటే ఎక్కువ డబ్బు అడగడం, సర్టిఫికెట్లు ఆపడం, ఈ మూడూ ఆ నిబంధనల్లో ఫిర్యాదు కిందికి వస్తాయి. కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. తృప్తి లేకపోతే 15 రోజుల్లో అంబుడ్స్‌పర్సన్‌కు వెళ్లవచ్చు, అక్కడ 30 రోజులు. అయితే ఆ నిబంధనల్లో విద్యార్థి అంటే చేరి చదువుతున్నవారు, చేరబోయేవారు. చదువు ముగించుకుని వెళ్లినవారి మాట అందులో లేదు. అంటే మీకు మిగిలింది మూడు నెలలు. మీ జూనియర్లకు ఇంకా ఏడాది పైన ఉంది. ఫిర్యాదుదారుల్లో మొదటి పేరు వాళ్లదైతే, మీరు వెళ్లిపోయాక కూడా ఫిర్యాదు బతికే ఉంటుంది.

ఈ దారిలో ఒక జాగ్రత్త అవసరం. తప్పుడు ఫిర్యాదు అని తేలితే ఫిర్యాదుదారు మీద చర్యకు అంబుడ్స్‌పర్సన్ సిఫారసు చేయవచ్చు. అందుకని ఫిర్యాదులో మూడే ఉండాలి: సర్క్యులర్ ప్రతి, రసీదులు, స్తంభాల ఫొటో. కోరేది కూడా మూడే: ఏడాదివారీ లెక్క, పూర్తిచేసే తేదీ, అప్పటిదాకా ఈ పద్దు వసూలు నిలుపుదల. మీరు చేరిన ఏడాది ప్రాస్పెక్టస్ తీసి ఫీజుల పట్టికలో ఈ 2,000 ఉందో లేదో చూడండి. లేకపోతే అదే మీ బలమైన అంశం.

సోమవారం ధర్నా సంగతికొద్దాం. వెళ్లవద్దని నేననను. కొన్ని ఫైళ్లు ఆ కేకలకు గానీ కదలవు, అదీ చూస్తున్నదే. కానీ చేతిలో కాగితం లేకుండా వెళితే "పది రోజుల్లో చూస్తాం" అన్న మాట తీసుకుని వస్తారు, పదకొండో రోజు ఎవరూ దొరకరు. పోలీసులను పిలిస్తే కేసు మొదట ముందు నిలబడ్డవారి మీదే. వెళ్లదలచుకుంటే వినతిపత్రం రెండు ప్రతులు తీసుకెళ్లి, రెండోదాని మీద ఇన్‌వార్డు సెక్షన్ ముద్ర, నంబరు, తేదీ వేయించుకుని రండి. వైవా అయ్యేదాకా వెనక వరసలో ఉంటానంటే అదీ పిరికితనం కాదు, ఐదు అంకెల కాగితం తయారుచేసి ఇవ్వడం కూడా పనే. పూర్తిగా దూరంగా ఉండటమూ ఒక దారే, కానీ అప్పుడు మీ జూనియర్ల దగ్గర ఆ 84 లక్షల పోస్టు ఒక్కటే మిగులుతుంది. "మింగారు" అన్న మాట పరువునష్టం కిందికి రావచ్చు. కొత్త న్యాయసంహితలో అది 356వ సెక్షన్. పోస్టు పెట్టిన అబ్బాయికి ఈ సంగతి ఇవాళే చెప్పండి.

మీ గైడుతో ముందే మాట్లాడాలా అన్నది ఆయన ఎలాంటివారో తెలిసిన మీరే తేల్చుకోవాలి. కమిటీ సభ్యులంటే చెక్కుల మీద సంతకం పెట్టేవారని కాదు. చాలామందిని మీటింగుకు పిలిచి టీ ఇచ్చి మినిట్స్ మీద సంతకం తీసుకుంటారు, అంతే. "సార్, జూనియర్లు అడుగుతున్నారు, పని ఏ దశలో ఉందో ఎవరిని అడిగితే తెలుస్తుంది?" అని ఒక్క మాట అడిగితే సగం విషయం ఆయనే చెప్పవచ్చు. ముఖం ముడుచుకుంటే అక్కడితో ఆపేయండి, ఇక సంతకం మీది కాకుండా చూసుకోండి. రెండు సందర్భాల్లోనూ ప్రాజెక్టు డ్రాఫ్టులు ఈమెయిల్లోనే పంపండి, ఆయన దిద్దుబాట్లు దాచుకోండి, హాజరు పట్టీలో సంతకాలు ఖాళీ లేకుండా చూసుకోండి. రేపు మార్కుల్లో ఏదైనా జరిగితే మాట్లాడేది ఆ కాగితాలే.

డబ్బు వెనక్కి రావడం కష్టం. వినియోగదారుల కమిషన్ అని ఎవరైనా అంటారు. విశ్వవిద్యాలయం పరీక్షల నిర్వహణలో విద్యార్థి వినియోగదారు కాదని సుప్రీంకోర్టు 2010లో సుర్జీత్ కౌర్ కేసులో చెప్పింది. విద్య వినియోగదారుల చట్టం కిందికి వస్తుందా రాదా అన్నది కోర్టుల్లో ఇంకా తేలని వివాదం, ఆ దారిలో ఏళ్లు పోగొట్టుకోకండి. హైకోర్టులో రిట్ వేయవచ్చు. ఫలానా సేవకని తీసుకున్న ఫీజుకు ఆ సేవ ఉండాలన్న సూత్రం 1954లో సుప్రీంకోర్టు ఇచ్చిన శిరూరు మఠం తీర్పు నాటిది. అయితే మన రాష్ట్రపు మార్కెట్ ఫీజుల మీద వచ్చిన 1983 శ్రీనివాస జనరల్ ట్రేడర్స్ కేసులో, పైసాకు పైసా సేవ చూపనక్కర్లేదని అదే కోర్టు సడలించింది. కాబట్టి "కొంత ఖర్చు చేశాం, పని నడుస్తోంది" అన్న జవాబుకు కోర్టులో బలముంటుంది. తలకు 4,000 తిరిగి ఇప్పించడం కంటే హాలు పూర్తి చేయించడమే దగ్గరి దారి. కోర్టుకెళ్లినా మొదట అడిగేది ఆ ఐదు అంకెలనే.

ఒక చిన్న పని ఇవాళే చేయండి. కౌంటరులో ఇచ్చిన రసీదు నున్నటి కాగితం మీద ఉంటే అది ఏడాది తిరిగేసరికి తెల్లబడిపోతుంది, ఫొటో తీసి ఉంచండి. ఎస్‌బీఐ కలెక్ట్‌లో కట్టినవారు పాత చెల్లింపుల పేజీ నుంచి రసీదు మళ్లీ తీసుకోవచ్చు. మూడు బ్యాచ్‌లవి తలా పది రసీదులున్నా చాలు. తర్వాత గ్రూపులో ఇంతే పెట్టండి: "హాలు వస్తుందని సర్క్యులర్‌లో ఉన్నదే మీకు చెప్పాను. ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది అని అడుగుతూ దరఖాస్తు పెడుతున్నాం. జవాబుకు 30 రోజులు. మీ రసీదు ఫొటోలు నాకు పంపండి. 84 లక్షలన్న పోస్టు తీసేయండి, ఆ అంకె ఎంతో వాళ్ల చేతే చెప్పిద్దాం."